లైను చివరికే కదా, హెల్మెట్ ఎందుకు?

గుంటూరులో ఒక కాలనీ సంక్షేమ సంఘం ఆదివారం ఉదయం ఏర్పాటు చేసిన ఆరోగ్య సదస్సులో ఒక న్యూరోసర్జన్ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాటతీరు అలాగే ఉంచాం. (లైను అంటే ఇక్కడ వీధి.)

అందరికీ నమస్కారం. ఇందాక నన్ను పరిచయం చేసిన పెద్దాయన చాలా పొగిడారు. పొగిడి పొగిడి చివర్లో "ఈ డాక్టరుగారి అవసరం మనలో ఎవరికీ రాకూడదని కోరుకుందాం" అన్నారు. చప్పట్లు ఆ మాటకే ఎక్కువ పడ్డాయి. మా వృత్తిలో ఉన్న చిక్కే అది. చర్మం డాక్టరు పెళ్లిలో కనబడితే జనం చుట్టూ మూగుతారు, చెయ్యి చాపి మచ్చ చూపిస్తారు. నేను కనబడితే "అమ్మో, మీ దగ్గరికి మాత్రం రాకూడదండీ" అని దణ్ణం పెట్టి అటు తిరిగి వెళ్లిపోతారు. మంచిదే. ఇవాళ నా దగ్గరికి రాకుండా ఉండే ఉపాయాలు చెబుదామనే వచ్చాను. నా గిరాకీ నేనే పాడుచేసుకుంటున్నాను, కాస్త గుర్తుపెట్టుకోండి.

ముందు ఒక ప్రశ్న. ఇక్కడికి టూవీలర్ మీద వచ్చినవాళ్లు చేతులెత్తండి. బాగానే ఉన్నారు. ఇప్పుడు హెల్మెట్ పెట్టుకుని వచ్చినవాళ్లు అలాగే ఉంచండి, మిగతావాళ్లు దించేయండి. ఆఁ, చూశారా? ఏం బాబూ, నువ్వు దించేశావు? ఎక్కడి నుంచి వచ్చావు? బ్రాడీపేట నాలుగో లైను. ఎంత దూరం? "పక్కనే సార్" అంటున్నాడు. వినబడిందా వెనకవాళ్లకి? పక్కనే సార్ అంట. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఆ పక్కన జరిగే సంగతే.

హైవే ప్రమాదాలు ఉంటాయి, లేవనను. కానీ క్యాజువాలిటీలో అర్ధరాత్రి నన్ను నిద్ర లేపే కేసుల్లో పాల ప్యాకెట్ కోసం వెళ్లినవాళ్లు ఉంటారు, పిల్లని ట్యూషన్‌లో దింపడానికి వెళ్లినవాళ్లు ఉంటారు, శంకర్ విలాస్ సెంటర్ దాకా వెళ్లి టిఫిన్ కట్టించుకొస్తామని బయల్దేరినవాళ్లు ఉంటారు. విజయవాడ వెళ్లేవాడు హెల్మెట్ పెట్టుకుంటాడండీ. ఎందుకంటారు? కాజ టోల్‌గేట్ దగ్గర పోలీసులు ఉంటారేమోనని. తిరిగి ఊళ్లోకి రాగానే తీసి మోచేతికి తగిలిస్తాడు. మోచేతికి! ఆ మోచేతికి దెబ్బ తగిలితే నేను చూడను, ఆర్థోపెడిక్ వాళ్లు చూస్తారు. వాళ్లు చక్కగా అతికించి పంపిస్తారు. నా దగ్గర అతికించే వ్యవహారం లేదు. మెదడులో పోయిన కణం మళ్లీ పుట్టిస్తామని ఎవరైనా చెబితే డబ్బు కట్టకండి.

మెదడు ఎలా ఉంటుందో చూశారా ఎవరైనా? మెడికల్ కాలేజీలో గాజు సీసాలో గట్టిగా ఉండేది కాదు, అది మందులో నానబెట్టింది. బతికున్న మనిషి మెదడు జున్నులా ఉంటుంది. మెత్తగా, వేలితో నొక్కితే దిగబడేలా. బరువు 1,300 నుంచి 1,400 గ్రాములు. పుర్రెలో దాని చుట్టూ నీళ్లు ఉంటాయి, మొత్తం 150 మిల్లీలీటర్ల దాకా. ఆ నీళ్లలో తేలుతూ ఉంటుంది కాబట్టి దాని బరువు దానికే 50 గ్రాములంత అనిపిస్తుంది. ఎంత గొప్ప ఏర్పాటో చూడండి. మామూలు నడకకీ, పరుగుకీ, పిల్లల గెంతులకీ అది సరిపోతుంది. బండి మీద నుంచి సిమెంటు రోడ్డు మీద పడటానికి మాత్రం సరిపోదు. పుర్రె రోడ్డుకి తగిలి టక్కున ఆగిపోతుంది, లోపల మెదడు ఆగదు. వెళ్లి అటు గోడకి కొట్టుకుంటుంది, మళ్లీ ఇటు గోడకి.

"నేను స్పీడుగా వెళ్లను సార్, ఇరవైలో వెళతాను" అంటారు. సరే, ఒక లెక్క చెబుతాను, ఇక్కడ ఇంటర్ పిల్లలు ఉన్నారు కదా, సరిచూడండి. బండి ఆగి ఉందనుకుందాం. సిగ్నల్ దగ్గర. మీ తల నేలకి ఒక మీటరున్నర ఎత్తులో ఉంది. కాలు జారి పక్కకి పడ్డారు. ఆ ఎత్తు నుంచి పడిన తల నేలని తాకేసరికి దాని వేగం గంటకి దాదాపు 20 కిలోమీటర్లు. బండి కదలలేదు. పెట్రోలు కాలలేదు. తల మాత్రం 20లో వెళ్లి రోడ్డుని గుద్దింది. ఇప్పుడు చెప్పండి, లైను చివర అయితే ఏమిటి, చెన్నై అయితే ఏమిటి?

హెల్మెట్ మొదట మా న్యూరోసర్జన్ల గొడవేనండీ, పోలీసువాళ్లది తర్వాత. దీనికి ఒక కథ ఉంది. టి. ఇ. లారెన్స్ అని ఒకాయన, లారెన్స్ ఆఫ్ అరేబియా అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎడారుల్లో తిరిగి, రైళ్లు పేల్చి, అన్నీ చేసి బతికి బయటపడ్డాడు. 1935 మే 13న ఇంగ్లండ్‌లో తన ఇంటి దగ్గర మోటార్‌సైకిల్ మీద వెళ్లాడు. ఎక్కడికి? టెలిగ్రామ్ ఇవ్వడానికి. ఇచ్చి తిరిగి వస్తున్నాడు. సైకిళ్ల మీద వెళుతున్న ఇద్దరు పిల్లల్ని తప్పించబోయి పడ్డాడు. హెల్మెట్ లేదు. ఆరు రోజులు స్పృహ రాకుండా ఉండి పోయాడు. అంత యుద్ధం చేసినవాణ్ణి పోస్టాఫీసు నుంచి ఇంటికి వచ్చే దారి తీసుకుపోయింది. ఆయన్ని చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఉన్నారు. కెయిర్న్స్ ఆ తర్వాత మోటార్‌సైకిల్ వాళ్ల తలదెబ్బల్ని వరసగా పరిశీలించి, హెల్మెట్ ఎంత అవసరమో 1941లో వ్యాసం రాశారు. అదే ఏడాది బ్రిటిష్ సైన్యం మోటార్‌సైకిళ్ల మీద ఉత్తరాలు మోసే సైనికులకి హెల్మెట్ తప్పనిసరి చేసింది. మామూలు జనానికి ఆ దేశంలో చట్టం రావడానికి 1973 దాకా పట్టింది. కాబట్టి మనవాళ్లు మాత్రమే మొండివాళ్లని అనుకోకండి.

ఇక హెల్మెట్‌లో పనిచేసేది పైన కనబడే పెంకు కాదు, లోపలున్న థర్మోకోల్. దెబ్బ తగిలినప్పుడు అది నలిగిపోయి, తల ఆగడానికి కాస్త టైమిస్తుంది. మిల్లీసెకన్లే. మనకి ఆ మిల్లీసెకన్లే కావాలి. రోడ్డు పక్కన రెండు వందలకి అమ్మేదాంట్లో వేలు పెట్టి చూడండి, లోపల స్పాంజి తప్ప ఏమీ ఉండదు. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అని ఉందో లేదో చూసి కొనండి. ఒకసారి గట్టిగా పడ్డ హెల్మెట్‌ని పారేయండి. థర్మోకోల్ ఒక్కసారే నలుగుతుంది. "బాగానే ఉంది సార్, గీత కూడా పడలేదు" అని తమ్ముడికి ఇవ్వకండి. తమ్ముడంటే అంత కోపం ఉంటే వేరే మార్గాలున్నాయి. బకిల్ పెట్టుకోవాలి. బకిల్ పెట్టనివాళ్ల విషయంలో నేను గమనించింది ఏమిటంటే, మనిషి కంటే ముందు హెల్మెట్ క్షేమంగా కిందికి చేరుతుంది.

జుట్టు ఊడిపోతుందంటారు. ఇది అందరూ అడుగుతారు, మగపిల్లలు ఎక్కువ. మా ఆపరేషన్ థియేటర్లో మొదటి పని గుండు గీయడం. బిల్లులో దానికి వేరే చార్జీ లేదు.

ఇంకో దృశ్యం రోజూ చూస్తుంటాను. నాన్నకి హెల్మెట్ ఉంటుంది. ట్యాంకు మీద పెద్దపిల్ల. వెనక అమ్మ ఒక పక్కకి కూర్చుని, ఒడిలో చంటివాడు. అంటే ఆ ఇంట్లో ఎవరు బతికి బయటపడాలో ముందే నిర్ణయించేసుకున్నారన్నమాట. నాలుగేళ్లు దాటిన పిల్లలకి కూడా హెల్మెట్ ఉండాలని మోటారు వాహనాల చట్టంలో ఉంది. అంతకంటే చిన్నవాళ్లని తీసుకెళితే బెల్టుతో నడిపేవాళ్లకి కట్టి, హెల్మెట్ పెట్టి, 40 కిలోమీటర్లు దాటకుండా వెళ్లాలని 2022లో నిబంధన తెచ్చారు. ఎంతమంది విన్నారు దాని గురించి? సరే.

అమ్మాయిలూ, చున్నీ. చీర కొంగు కూడా. 1927లో ఇసడోరా డంకన్ అనే పేరున్న నర్తకి ఫ్రాన్స్‌లో కారెక్కితే, మెడకి చుట్టుకున్న పొడవాటి స్కార్ఫ్ చక్రంలో పడి అక్కడికక్కడే పోయారు. మనకి అంత దూరం ఎందుకు, ఏ లేడీస్ హాస్టల్ ముందైనా నిలబడి చూడండి, వెనక చక్రం దగ్గర చున్నీలు ఎలా ఎగురుతుంటాయో. ఒక ముడి వేసుకుని కూర్చోండమ్మా. శారీ గార్డ్ అందంగా లేదని తీయించేసినవాళ్లు మళ్లీ పెట్టించండి.

ఇప్పుడు కాస్త సీరియస్ విషయం. పడ్డాడు, లేచాడు. చుట్టూ జనం చేరారు. ఎవరో గోలీసోడా తెచ్చారు. తాగాడు. "ఏం కాలేదన్నా" అని నవ్వి ఇంటికి వెళ్లి పడుకున్నాడు. రెండు గంటల తర్వాత అమ్మ చూసి "పాపం అలసిపోయాడు, గురకపెట్టి నిద్రపోతున్నాడు" అనుకుంది. ఎప్పుడూ గురకపెట్టని పిల్లాడు గురకపెడుతున్నాడంటే అది నిద్ర కాదు తల్లీ. కణత దగ్గర పుర్రె పల్చగా ఉంటుంది. దాని వెనకే ఒక రక్తనాళం వెళుతుంది. ఎముక చిట్లితే అది తెగుతుంది. రక్తం కొంచెం కొంచెంగా చేరుతుంది, మెదడు కొంతసేపు సర్దుకుంటుంది. ఆ సర్దుకునే సమయంలో మనిషి మామూలుగా మాట్లాడతాడు, జోకులేస్తాడు. దాన్ని మేం లూసిడ్ ఇంటర్వెల్ అంటాం. 2009లో నటాషా రిచర్డ్‌సన్ అనే నటి కెనడాలో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడ్డారు. చిన్న వాలు, కొత్తగా నేర్చుకునేవాళ్ల చోటు. బాగానే ఉన్నాను అంబులెన్స్ వద్దన్నారు. రెండు రోజుల్లో చనిపోయారు. ఇదే రకం రక్తస్రావం. సమయానికి దొరికితే నేను చేసే ఆపరేషన్లలో ఇంతకంటే మంచి ఫలితం ఇచ్చేది తక్కువ. ఆలస్యమైతే ఇంతకంటే బాధపెట్టేదీ తక్కువే.

కాబట్టి తలకి దెబ్బ తగిలినవాణ్ణి ఒక రోజు గమనించాలి. పదే పదే వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవడం, ముక్కులోంచో చెవిలోంచో తేటనీళ్లు కారడం, వీటిలో ఏ ఒక్కటి కనబడ్డా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లిపోవాలి. స్పృహ ఎంతుందో మేం మార్కులు వేసి చూస్తాం. గ్లాస్గో స్కేల్ అని, 1974లో వచ్చింది. ఫుల్ మార్కులు 15. అస్సలు కదలిక లేనివాడికి కూడా 3 మార్కులు ఇస్తాం. ఇంటర్ పేపర్లు దిద్దేవాళ్లకంటే మేమే నయం.

పెద్దవాళ్ల వైపు వస్తాను. ముందు వరసంతా మీరే కదా. మీకు బండ్లతో పనిలేదు, బాత్‌రూమ్ చాలు. రాత్రి రెండింటికి లేస్తారు. లైటు వేస్తే ఇంట్లోవాళ్లు లేస్తారని వేయరు. గబుక్కున లేచేసరికి బీపీ పడిపోతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి. లుంగీ కాళ్లకి తగులుతుంది. టైల్స్ తడిగా ఉంటాయి. ఆ టైల్స్ ఎవరు ఎంచుకున్నారు? షోరూమ్‌లో అద్దంలా మెరుస్తున్నాయని అబ్బాయి ఎంచుకున్నాడు. బాత్‌రూమ్‌లో అద్దం గోడకి ఉండాలి గానీ నేలకి వద్దు. గరుకు టైల్స్ వేయించండి, పట్టుకోవడానికి ఒక స్టీలు రాడ్ గోడకి బిగించండి, చిన్న నైట్ ల్యాంప్ పెట్టండి. లేచాక మంచం మీదే ఒక నిమిషం కూర్చోండి. లోపల గడియ వేసుకోవద్దు. ఆ వయసులో మిమ్మల్ని ఎవరూ చూడటానికి రారు, తలుపు బద్దలుకొట్టే పని మాత్రం మాకు తప్పుతుంది.

పెద్దవాళ్లలో ఇంకోటి ఉంది. వయసుతో మెదడు కాస్త కుదించుకుపోతుంది, దాని మీద నుంచి వెళ్లే సన్నటి సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే తెగుతాయి. గుమ్మం తగిలిందనో, కారెక్కుతుంటే తగిలిందనో అప్పుడే మరచిపోతారు. మూడు వారాల తర్వాత, ఒక్కోసారి రెండు నెలల తర్వాత తాతగారు తడబడి నడుస్తారు, మనవడి పేరు మరచిపోతారు, మాట తేడాగా వస్తుంది. ఇంట్లోవాళ్లు "వయసైపోయింది కదా" అంటారు. వయసు రాత్రికి రాత్రి అయిపోదండీ. ఒక్క స్కాన్ తీయించండి. పుర్రెకి చిన్న రంధ్రం పెట్టి ఆ పాత రక్తం తీసేస్తే చాలామంది ఒకటి రెండు రోజుల్లో లేచి కూర్చుని కాఫీలో పంచదార తక్కువైందని తిడతారు. నాకు ఆ తిట్టు చాలా ఇష్టం.

వెన్నుపూస గురించి కూడా చెప్పమన్నారు. టైమ్ ఉందా? ఉంది.

ఎండాకాలం కాలవలు. ఇక్కడ తెనాలి, దుగ్గిరాల వైపు వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. కాలవ గట్టు మీద నుంచి తలకిందులుగా దూకడం మన కుర్రాళ్లకి పెద్ద వేడుక. పోయిన వారం దూకినప్పుడు లోతుంది. ఈ వారం పైన నీళ్లు తగ్గించారు. బురదనీళ్లు కాబట్టి అడుగు కనబడదు. తల నేలకి తగులుతుంది, వెనక నుంచి ఒంటి బరువంతా మెడ మీద పడుతుంది. మెడలో ఏడు ఎముకలు. అక్కడి నుంచి వచ్చే మూడో, నాలుగో, అయిదో నరాలు ఊపిరి తీసే కండరాన్ని నడుపుతాయి. అంతకంటే పైన వెన్నుపాము తెగితే ఊపిరే ఆగిపోతుంది. కిందగా తెగితే ప్రాణం ఉంటుంది గానీ చేతులు కాళ్లు ఉండీ లేనట్టే. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ మాట చెప్పడం నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని. దూకేవాళ్లని దూకొద్దని చెబితే వినరని నాకు తెలుసు. కాళ్లతో దూకమని చెప్పండి. ముందు ఒకడు దిగి లోతు చూడమనండి. కాలు విరిగితే మళ్లీ ఆర్థో వాళ్లే.

మిర్చి యార్డులో పనిచేసే హమాలీ సోదరులు నా దగ్గరికి వస్తుంటారు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, నలభై కిలోలు దాటుతుంది. వాళ్లకి "బరువులెత్తకండి" అని సలహా ఇవ్వడం సులువు, ఇచ్చినవాడికి. వాళ్ల ఇల్లు ఆ బరువు మీదే నడుస్తుంది. వాళ్లకి నేను చెప్పేది ఒకటే, బరువు మీదున్నప్పుడు నడుము తిప్పకండి, తిరగాలంటే కాళ్లతో తిరగండి. విచిత్రం ఏమిటంటే ఆ విషయం వాళ్లకి ముందే తెలుసు. నడుము పట్టేసి వచ్చేది ఎక్కువగా మనం. ఏడాదంతా కుర్చీలో కూర్చుని, ఒకరోజు గ్యాస్ సిలిండర్ని నడుము వంచి పైకి లాగుతాం. గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ సిలిండర్ కూడా ఇంచుమించు అంతే, మొత్తం ముప్ఫై. మోకాళ్లు వంచి కూర్చుని, సిలిండర్ని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. ఇంకా మంచిది, దొర్లించండి.

బస్సులో చిట్టచివరి సీటు ఖాళీగా ఉందని పెద్దవాళ్లు సంబరపడకండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరి కూలబడితే నడుము పైభాగంలో ఎముక నలిగిపోతుంది, గుల్లబారిన ఎముకలకి అది చాలు. నిలబడైనా ముందు ఉండండి.

సెలూన్లో కటింగ్ అయ్యాక మెడ టక్‌మని తిప్పించుకునేవాళ్లు ఎంతమంది? నవ్వుతున్నారు, అంటే ఉన్నారు. మెడ ఎముకల్లో రంధ్రాలుంటాయి, వాటిలోంచి రెండు రక్తనాళాలు మెదడుకి వెళతాయి. 2014లో ఆస్ట్రేలియా క్రికెటర్ ఫిల్ హ్యూస్‌కి బౌన్సర్ తగిలింది హెల్మెట్ కింద, మెడ మీద. తెగింది ఆ నాళమే. టక్‌మని తిప్పినప్పుడు ఆ నాళం లోపలి పొర చిరిగితే పక్షవాతం రావచ్చు. బ్యూటీ పార్లర్లో తలస్నానానికి మెడ వెనక్కి వాల్చి చాలాసేపు ఉంచినా ఇలాంటివి జరిగాయి, దానికి బ్యూటీ పార్లర్ స్ట్రోక్ అనే పేరే ఉంది. అరుదే. కానీ ఆ శబ్దం వల్ల వచ్చే లాభం ఏమిటో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

రోడ్డు మీద ఎవరైనా పడితే మనవాళ్లు మంచివాళ్లు, వెంటనే పరిగెత్తుతారు. ఒకరు చేతులు, ఒకరు కాళ్లు పట్టుకుని మడిచి ఆటోలో వేస్తారు. మెడ ఎముక మాత్రమే విరిగినవాడికి వెన్నుపాము తెగేది అప్పుడే. 108కి ఫోన్ చేయండి. తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేలా నలుగురు కలిసి కదపండి. నోట్లో నీళ్లు పోయకండి, మగతలో ఉన్నవాడికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. హెల్మెట్ లాగకండి, ఊపిరి అందకపోతే తప్ప. కేసు అవుతుందని భయపడకండి. సాయం చేసినవాళ్లని పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదని, 2019 చట్ట సవరణ కింద 2020లో తెచ్చిన నిబంధనల్లో ఉంది.

ప్రశ్నలు అడగండి. ఆ వెనక ఆయన... దెబ్బ తగిలినవాణ్ణి నిద్రపోనివ్వకూడదా అని. పోనివ్వొచ్చు. డాక్టరు చూసి ఇంటికి పంపితే మొదటి రాత్రి మధ్యమధ్యలో లేపి పేరు అడగండి. చిరాకుపడి తిడితే బాగున్నట్టే.

అమ్మగారు పుత్తూరు కట్టు గురించి అడుగుతున్నారు. చెయ్యి విరిగితే మీ ఇష్టం, నేను మధ్యలోకి రాను. మెడకీ నడుముకీ మాత్రం ఎవరి చేతా లాగించకండి, నూనె మర్దనా వద్దు. ముందు ఎక్స్‌రే తీయించండి.

ఆఖరి ప్రశ్న, ముందు వరస పెద్దాయన. "రక్తం పలచబడే మాత్ర వాడుతున్నాను, పడితే రక్తం ఆగదన్నారు, మానేయమంటారా?" వద్దండీ, ఎవరు చెప్పినా మానకండి, నేను చెప్పినా మానకండి. ఆ మాత్ర గుండె కోసం ఇచ్చారు. మానేస్తే పడకుండానే ఇబ్బంది వస్తుంది. తలకి చిన్న దెబ్బ తగిలినా ఆ మాత్ర వాడుతున్నానని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి, స్కాన్ త్వరగా తీస్తారు. మందు చీటీ ఒక ఫొటో తీసి మీ ఫోన్లోనూ, మీ అబ్బాయి ఫోన్లోనూ పెట్టుకోండి. మోతాదు మార్చాలా అన్నది మీ గుండె డాక్టరు చెప్పాలి. ఆయన ఇక్కడే ఉన్నారు, మూడో వరసలో. ఇందాకటి నుంచి నిద్రపోతున్నారు, గురక లేదు కాబట్టి కంగారు లేదు. లేపి అడగండి.